ప్రతి ఆదివారం ఒక పేజీ: క్లౌడ్, సైబర్ సెక్యూరిటీ సర్టిఫికేషన్లకు చదివే లబ్ధిదారులకు పాఠం



ప్రభుత్వ నైపుణ్య శిక్షణ కింద క్లౌడ్ కంప్యూటింగ్, సైబర్ సెక్యూరిటీ కోర్సుల్లో చేరిన వారి కోసం ఈ పీడీఎఫ్ తయారు చేశాం. ఎవరు అర్హులు, ఏ కాగితాలు కావాలి అనే వివరాలు మీరు చేరినప్పుడే అందాయి. వాటిని మళ్లీ చెప్పడం లేదు. సీటు వచ్చింది, క్లాసులు మొదలయ్యాయి, పరీక్ష ఫీజుకు వోచర్ కూడా వస్తుంది. మరి పరీక్షకు మీరు సిద్ధమయ్యారో లేదో మీకు మీరే ఎలా తెలుసుకోవాలి? ఈ పాఠం దాని గురించే.

ఫోన్‌లో చదువుకోవడానికి వీలుగా చిన్న భాగాలుగా ఇచ్చాం. ఒక్కసారే అంతా చదవక్కర్లేదు. తొందరలో ఉన్నవారు 4, 5, 7 భాగాలు తప్పకుండా చదవండి.

1. వారం రిపోర్టులో ఏం రాస్తున్నారు?

శిక్షణ కేంద్రంలో వారం వారం ప్రగతి రిపోర్టు అడుగుతారు. నేను చూసిన రిపోర్టుల్లో చాలా వరకు ఇలా ఉంటాయి: "మూడో మాడ్యూల్ పూర్తయింది. వీడియోలు నూరు శాతం చూశాను. 14 గంటలు చదివాను."

ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ దీనివల్ల మీకు ఒరిగేదీ లేదు. వీడియో చివరి దాకా నడిచిందని తెలుస్తుంది గానీ, పాఠం మీకు ఎంత వచ్చిందో తెలియదు. 14 గంటల్లో ఎన్ని గంటలు నిద్రమత్తులో గడిచాయో ఆ కాగితం చెప్పదు.

మన జిల్లాలో ఈ కోర్సు చదువుతున్న ఒక అమ్మాయి నోటు పుస్తకం చూసే అవకాశం నాకు కలిగింది. ఆమె తండ్రి ఆటో నడుపుతారు, తల్లి ఇంట్లో మిషన్ కుడతారు. బీఎస్సీ చదివింది. ఇంట్లో కంప్యూటర్ లేదు. పేరు వేయొద్దని అడిగింది కాబట్టి వేయడం లేదు. పుస్తకంలోని సంగతులు మాత్రం అందరికీ చెప్పమంది.

ప్రతి ఆదివారం రాత్రి ఒక పేజీ రాసుకుంది. పేజీకి నాలుగు గళ్లు: ఏం చదివాను, చేత్తో ఏం చేశాను, ఎక్కడ తప్పాను, వచ్చే వారం ఏం చేయాలి. మూడో గడే అన్నిటికంటే పెద్దది. "ఇన్ని తప్పులు రాసుకున్నావేంటమ్మా?" అని అడిగాను. "ఒప్పులు రాసుకుని ఏం లాభం సార్, అవి వచ్చినవేగా" అంది.

ఆ ఒక్క మాటే ఈ పాఠమంతా.

2. మనం మాట్లాడుతున్న పరీక్షలు రెండు

మొదటిది ఏడబ్ల్యూఎస్ సర్టిఫైడ్ క్లౌడ్ ప్రాక్టీషనర్. కోడ్ సీఎల్‌ఎఫ్–సీ02. అమెజాన్ వెబ్ సర్వీసెస్ ఇచ్చే సర్టిఫికెట్లలో ఇది మొదటి మెట్టు. 65 ప్రశ్నలు, 90 నిమిషాలు. 1000కి 700 స్కోరు వస్తే పాస్. 65లో 15 ప్రశ్నలకు మార్కులు లెక్కించరు, కానీ అవి ఏవో మీకు చెప్పరు. తప్పు జవాబుకు మార్కులు తీసేయడం లేదు. అందుకే ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలొద్దు.

రెండోది కాంప్‌టియా సెక్యూరిటీ ప్లస్. కోడ్ ఎస్‌వై0–701. ఇది 2023 నవంబరులో వచ్చింది. గరిష్ఠంగా 90 ప్రశ్నలు, 90 నిమిషాలు. స్కోరు 100 నుంచి 900 మధ్య ఇస్తారు, 750 వస్తే పాస్. జవాబు ఎంచుకునే ప్రశ్నలతో పాటు తెర మీద పని చేసి చూపించాల్సిన ప్రశ్నలు కూడా ఉంటాయి.

రెండు సర్టిఫికెట్లూ మూడేళ్లు చెల్లుతాయి. పుస్తకం కొనేముందు, వీడియో మొదలుపెట్టేముందు దాని మీద ఉన్న కోడ్, మీరు రాయబోయే పరీక్ష కోడ్ ఒకటేనా చూసుకోండి. సెకండ్ హ్యాండ్ పుస్తకాల్లో పాత కోడ్‌వి చాలా ఉంటాయి.

ముందు క్లౌడ్, తర్వాత సెక్యూరిటీ అన్న వరుస పెట్టుకుంటే కొత్తవారికి తేలిక. నోటు పుస్తకంలో ఉన్న వరుస కూడా ఇదే.

3. మొదటి నాలుగు వారాలు: పదాలు మన ఊరి మాటల్లో

మొదటి వారం. ఏం చదివాను: క్లౌడ్ అంటే ఏమిటి, రీజియన్, అవైలబిలిటీ జోన్. ఎక్కడ తప్పాను: ఈ రెండూ ఒకటే అనుకున్నాను.

క్లౌడ్ అంటే ఆకాశంలో ఉండేది కాదు. ఎక్కడో ఒక పెద్ద భవనంలో కంప్యూటర్లు ఉంటాయి, వాటిని మనం అద్దెకు వాడుకుంటాం. వరి కోత యంత్రాన్ని గంటల లెక్కన మాట్లాడుకున్నట్టే. కొనక్కర్లేదు, రిపేరు మనది కాదు, వాడుకున్నంతకు డబ్బు. రీజియన్ అంటే ఆ భవనాలున్న ప్రాంతం. ఏడబ్ల్యూఎస్‌కు మన దేశంలో ముంబై రీజియన్ 2016లో, హైదరాబాద్ రీజియన్ 2022లో మొదలయ్యాయి. ఒక్కో రీజియన్‌లో మళ్లీ విడివిడిగా అవైలబిలిటీ జోన్లు ఉంటాయి. ఒక జోన్‌లో కరెంటు పోయినా, నీళ్లు వచ్చినా రెండోది నడుస్తుంది. ఊరికి రెండు వేర్వేరు సబ్‌స్టేషన్ల నుంచి లైను ఉన్నట్టు అనుకోండి.

రెండో వారం. చేత్తో ఏం చేశాను: సొంత ఖాతా తెరిచాను. రూట్ యూజర్‌కు ఎంఎఫ్ఏ పెట్టాను. బడ్జెట్ అలర్ట్ పెట్టాను. ఈసీ2లో చిన్న సర్వర్ నడిపాను. ఎక్కడ తప్పాను: ఆపకుండా ఇంటికి వచ్చేశాను. రెండో రోజు అలర్ట్ మెయిల్ వచ్చింది.

ఈ పేజీ అందరూ గుర్తుంచుకోవాల్సింది. క్లౌడ్ ఖాతాలో "ఉచితం" అన్న మాట కింద షరతులుంటాయి. ఎన్ని నెలలు, ఎంత వరకు, ఏయే సర్వీసులు అన్నది ఖాతా తెరిచే రోజునే చదవాలి. సర్వర్ ఆపినా దాని డిస్కు మిగిలి ఉంటే దానికి వేరే లెక్క. 2024 ఫిబ్రవరి నుంచి పబ్లిక్ ఐపీవీ4 అడ్రసుకు కూడా గంటకు 0.005 డాలర్ల ఛార్జీ ఉంది. మోటారు వేసి మరచిపోతే ట్యాంకు పొంగుతుంది కదా, ఇదీ అంతే. పని అయ్యాక ఆపడం ఒక్కటే చాలదు, అవసరం లేనివి తీసేయాలి. ఖాతా తెరవగానే అన్నిటికంటే ముందు బడ్జెట్ అలర్ట్ పెట్టండి. అలర్ట్ మెయిల్ పంపుతుందే తప్ప సర్వర్‌ను తానుగా ఆపదు. మెయిల్ చూసే అలవాటు కూడా ఉండాలి.

మూడో వారం. ఏం చదివాను: షేర్డ్ రెస్పాన్సిబిలిటీ మోడల్. ఎక్కడ తప్పాను: భద్రత అంతా కంపెనీదే అనుకున్నాను.

ఈ పొరపాటు చాలామంది చేస్తారు. అద్దె ఇంటితో పోల్చి చూడండి. గోడలు, పైకప్పు, మెట్లు గట్టిగా ఉంచడం ఇంటి యజమాని బాధ్యత. మీ గదికి తాళం వేయడం, తాళంచెవి ఎవరికి ఇచ్చారో చూసుకోవడం మీ బాధ్యత. తాళం వేయకుండా వెళ్లి సొమ్ము పోయిందంటే యజమానిని అనలేం. క్లౌడ్‌లోనూ భవనం, కంప్యూటర్లు, నెట్‌వర్క్ తీగలు కంపెనీవి. మీరు పెట్టిన డేటా, మీరు ఇచ్చిన పాస్‌వర్డులు, ఎవరికి ఎంత అనుమతి అన్నవి మీవి. ఈసీ2 సర్వర్ లోపలి ఆపరేటింగ్ సిస్టమ్‌కు అప్‌డేట్లు వేయడం కూడా మీ పనే.

నాలుగో వారం. ఎక్కడ తప్పాను: సెక్యూరిటీ గ్రూప్‌కు, నెట్‌వర్క్ ఏసీఎల్‌కు తేడా.

రెండూ కాపలాదారులే. సెక్యూరిటీ గ్రూప్ మనిషిని గుర్తుపెట్టుకుంటుంది. లోపలికి అనుమతించిన దానికి తిరిగి వెళ్లేటప్పుడు మళ్లీ అడగదు. నెట్‌వర్క్ ఏసీఎల్‌కు ఆ గుర్తు ఉండదు. రాకకు ఒక రూలు, పోకకు ఒక రూలు విడిగా రాయాలి. మొదటిది సర్వర్ గుమ్మం దగ్గర ఉంటుంది, రెండోది వీధి మొదట్లో ఉంటుంది. ఇలా రెండు పదాలను పక్కపక్కన రాసుకున్న పేజీలు ఆ పుస్తకంలో పదకొండు ఉన్నాయి.

4. ఆరో వారం: మార్కులు తగ్గినప్పుడు

నాలుగో వారం చివర రాసిన మొదటి మాక్ టెస్టులో 65కి 34 వచ్చాయి. ఐదో వారం 43. ఆరో వారం 40.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ఎక్కువ చదివితే మార్కులు తగ్గాయేమిటి, ఇది నాకు రాదేమో అనుకుంటారు. ఆ పేజీలో కూడా ఒక వాక్యం రాసి కొట్టేసి ఉంది. కొట్టేసినా చదవడానికి వస్తోంది: "నాన్నకు ఏం చెప్పాలి."

వోచర్ ఒక్కసారికే. తప్పితే రెండోసారి ఫీజు సొంత డబ్బుతో కట్టుకోవాలి. ఈ పరీక్ష ఫీజు 100 డాలర్లు, పన్ను అదనం. ఆటో మీద బతికే ఇంట్లో అది చిన్న మొత్తం కాదు. ఆ భయం తప్పు కాదు. కానీ భయంతో మళ్లీ మొదటి వీడియో నుంచి చూడటం మొదలుపెడితే మాత్రం నష్టం.

ఆమె ఏం చేసిందో చూడండి. తప్పిన 25 ప్రశ్నలను రెండు రకాలుగా విడదీసింది.

మొదట, ఏ విభాగంలో తప్పాను? పరీక్షలో నాలుగు విభాగాలు, వాటి వాటా ఇది:
క్లౌడ్ కాన్సెప్ట్స్ 24 శాతం.
సెక్యూరిటీ, కంప్లయన్స్ 30 శాతం.
టెక్నాలజీ, సర్వీసులు 34 శాతం.
బిల్లింగ్, ధరలు, సపోర్ట్ 12 శాతం.

25 తప్పుల్లో సెక్యూరిటీవి 12, బిల్లింగ్‌వి 5, టెక్నాలజీవి 6, కాన్సెప్ట్స్‌వి 2. ఆ రెండు వారాల్లో చదివిందేమో అంతా టెక్నాలజీనే. సర్వర్లు నడపడం ఆసక్తిగా ఉంది కాబట్టి దాన్నే మళ్లీ మళ్లీ చదివింది. వచ్చిన దాన్నే చదివితే చదివినట్టే ఉంటుంది, మార్కు మాత్రం పెరగదు.

తర్వాత, ఎందుకు తప్పాను? దీనికి మూడు మాటలు పెట్టుకుంది: తెలియక, తికమకపడి, తొందరపడి. తెలియక తప్పినవి 8. తికమకపడి తప్పినవి 10. తొందరపడి తప్పినవి 7.

మూడింటికీ మందు ఒకటి కాదు.

తెలియక తప్పితే పాఠం మళ్లీ చదవాలి.

తికమకపడితే ఆ రెండు పదాలను పక్కపక్కన రాసి, తేడా ఒక్క వాక్యంలో సొంత తెలుగులో చెప్పుకోవాలి. చెప్పలేకపోతే రాలేదని అర్థం.

తొందరపడితే చదవాల్సింది పాఠాన్ని కాదు, ప్రశ్నను. "అతి తక్కువ ఖర్చుతో", "కానిది ఏది", "రెండు ఎంచుకోండి" అన్న మాటలు ఇంగ్లిషులో ప్రశ్న చివర ఉంటాయి. ముందు చివరి వాక్యం చదివి, తర్వాత మొదటికి రావాలి.

ఏడో వారం 49. ఎనిమిదో వారం రెండు వేర్వేరు మాక్ టెస్టుల్లో 54, 55. గంటలు పెరగలేదు. ఆరో వారం 15 గంటలు చదివితే, ఏడో వారం 11 గంటలే.

ఒక హెచ్చరిక. మాక్ టెస్టులో వచ్చే శాతం, అసలు పరీక్షలో వచ్చే స్కోరు ఒకే కొలత కాదు. 700 అంటే నూటికి డెబ్బై అని లెక్క వేసుకోవద్దు. ఒకే మాక్ టెస్టును పదిసార్లు రాస్తే జవాబులు కంఠతా వస్తాయి, అదీ ప్రగతి కాదు. ఎప్పుడూ చూడని ప్రశ్నలతో రెండుసార్లు వరుసగా మంచి మార్కులు వస్తేనే ధైర్యంగా వెళ్లండి.

5. "అసలు పేపరు మా దగ్గర ఉంది" అన్న మెసేజ్

ఆ ఆరో వారంలోనే ఫోన్‌కు ఒక మెసేజ్ వచ్చింది. అసలు ప్రశ్నలు, జవాబులతో ఫైలు, పాస్ గ్యారంటీ, రెండు వేలు పంపితే చాలు అని. ఇలాంటివి మీకూ వస్తాయి. భయంలో ఉన్నవాళ్లను వెతికి పట్టుకోవడమే వాళ్ల వ్యాపారం.

డబ్బు పంపాక ఫైలు రాకపోవచ్చు. వచ్చినా అందులో తప్పు జవాబులు, పాత ప్రశ్నలు ఉండొచ్చు, వైరస్ కూడా ఉండొచ్చు. నిజంగా అసలు ప్రశ్నలే అయితే అది ఇంకా ప్రమాదం. పరీక్షకు ముందు మీరు ఒప్పుకునే షరతుల్లో వీటిని వాడనని ఉంటుంది. బయటపడితే సర్టిఫికెట్ రద్దు చేయవచ్చు, మళ్లీ పరీక్ష రాయకుండా నిషేధించవచ్చు. భద్రత నేర్చుకుంటున్న మనిషి మొదటి పనిగా దొంగ ఫైలు కొంటే ఆ చదువుకు అర్థమేముంది?

అలాగే వోచర్ విడుదల చేయడానికి "ప్రాసెసింగ్ ఫీజు" కట్టమని, ఓటీపీ చెప్పమని ఎవరైనా ఫోన్ చేస్తే నమ్మొద్దు. ఫోన్ పెట్టేసి నేరుగా శిక్షణ కేంద్రానికి వెళ్లి అడగండి. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయండి. ఇది సైబర్ ఆర్థిక మోసాలకు ఉన్న జాతీయ హెల్ప్‌లైన్. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బు చేతులు మారకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ. సిగ్గుపడి ఇంట్లో దాచొద్దు.

6. పరీక్ష రోజుకు ముందు చూసుకోవాల్సినవి

తేదీ ముందే తీసుకోండి. ఆమె ఆరో వారంలోనే, మార్కులు తగ్గిన వారంలోనే, తొమ్మిదో వారానికి తేదీ తీసుకుంది. అన్నీ వచ్చాక బుక్ చేద్దాం అనుకుంటే ఆ రోజు రాదు. వోచర్ మీద గడువు తేదీ ఉంటుంది. ఆ తేదీని నోటు పుస్తకం అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసుకోండి.

పేరు సరిచూసుకోండి. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, ఇంకో కార్డులో పూర్తి ఇంటిపేరు ఉండటం మన దగ్గర మామూలే. పరీక్ష ఖాతాలో పేరు, గుర్తింపు కార్డు మీద పేరు ఒకేలా ఉండాలి. ఏ కార్డులు ఒప్పుకుంటారో బుకింగ్ మెయిల్‌లో ఉంటుంది. తేడా ఉంటే తేదీ దగ్గరపడకముందే సరిచేయించుకోండి.

అరగంట అదనంగా అడగండి. ఇంగ్లిషు మాతృభాష కాని వారు ఏడబ్ల్యూఎస్ పరీక్షను ఇంగ్లిషులో రాస్తే 30 నిమిషాలు అదనంగా ఇస్తారు. కానీ తేదీ బుక్ చేయకముందే ఖాతాలో దానికి అర్జీ పెట్టుకోవాలి, బుక్ చేశాక కుదరదు. తెలుగు మీడియంలో చదివిన వారికి ఈ అరగంట చాలా విలువైనది. అడగడంలో చిన్నతనం ఏమీ లేదు.

తప్పితే 14 రోజుల తర్వాత మళ్లీ రాయవచ్చు, ఫీజు మళ్లీ కట్టాలి.

ఆమె తొమ్మిదో వారంలో పరీక్ష రాసి పాసయింది. ఆ ఆదివారం పేజీలో కూడా మూడో గడి ఖాళీగా లేదు: "సపోర్ట్ ప్లాన్ల మీద రెండు ప్రశ్నలు అనుమానంగా పెట్టాను. చూసుకోవాలి."

7. సెక్యూరిటీ ప్లస్: పేరు పెద్దది, సంగతి తెలిసిందే

పదో వారం నుంచి రెండో పరీక్ష మొదలైంది. ఇందులో ఐదు విభాగాలు:
సాధారణ భద్రతా భావనలు 12 శాతం.
ముప్పులు, బలహీనతలు, నివారణ 22 శాతం.
సెక్యూరిటీ ఆర్కిటెక్చర్ 18 శాతం.
సెక్యూరిటీ ఆపరేషన్స్ 28 శాతం.
కార్యక్రమ నిర్వహణ, పర్యవేక్షణ 20 శాతం.

మొదటి పాఠంలోనే మూడు మాటలు వస్తాయి: కాన్ఫిడెన్షియాలిటీ, ఇంటెగ్రిటీ, అవైలబిలిటీ. రేషన్ కార్డుతో చూద్దాం. మీ కార్డు వివరాలు సంబంధం లేనివాళ్లు చూడకూడదు, అది కాన్ఫిడెన్షియాలిటీ. ఇంట్లో ఐదుగురుంటే ఆ ఐదును ఎవరూ నాలుగుగా మార్చకూడదు, అది ఇంటెగ్రిటీ. డిపోకు వెళ్లిన రోజు సర్వర్ పనిచేయాలి, అది అవైలబిలిటీ. "సర్వర్ డౌన్, రేపు రండి" అన్న మాట విన్నవారికి మూడోది ఎందుకు భద్రతలో భాగమో వేరే చెప్పక్కర్లేదు.

అథెంటికేషన్, ఆథరైజేషన్ అన్నవి అందరూ తికమకపడే జంట. మిషన్ మీద వేలిముద్ర వేసి "నేను నేనే" అని నిరూపించుకోవడం అథెంటికేషన్. మీకు ఎన్ని కిలోలు రావాలో తేల్చడం ఆథరైజేషన్. వేలిముద్ర పడినంత మాత్రాన పక్కింటి వాళ్ల బియ్యం ఇవ్వరు కదా.

వల్నరబిలిటీ, థ్రెట్, రిస్క్ మరో మూడు. పొయ్యి పక్కనే గడ్డివాము వేయడం వల్నరబిలిటీ. నిప్పురవ్వ థ్రెట్. వాము తగలబడే అవకాశం, దానివల్ల జరిగే నష్టం కలిపితే రిస్క్. నిప్పును లోకంలో లేకుండా చేయలేం. వామును దూరంగా వేయగలం. భద్రతా ఉద్యోగాల్లో రోజువారీ పనిలో ఎక్కువ భాగం ఈ వామును దూరంగా వేయడమే.

దీనికి నిజంగా జరిగిన ఉదాహరణ వానాక్రై. 2017 మేలో ప్రపంచమంతా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళాలు వేసి డబ్బు అడిగిన వైరస్ అది. ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అది దూరిన రంధ్రాన్ని మూసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే ఇచ్చింది. రెండు నెలలు సమయం ఉంది. అప్‌డేట్ వేసినవారు బయటపడ్డారు, "తర్వాత చూద్దాం" అన్నవారు ఇబ్బందిపడ్డారు. మీ ఫోన్ అప్‌డేట్ అడిగినప్పుడు ఇది గుర్తు తెచ్చుకోండి.

పదకొండో వారం. చేత్తో ఏం చేశాను: ఒక ఫైల్‌లో నా పేరు రాసి ఎస్‌హెచ్ఏ–256 హాష్ తీశాను. ఒక్క అక్షరం మార్చి మళ్లీ తీశాను. 64 అక్షరాల వరుస మొత్తం మారిపోయింది.

ఐదు నిమిషాల పని ఇది. దీంతో ఇంటెగ్రిటీ ఎలా తనిఖీ చేస్తారో జన్మలో మరచిపోరు. హాష్ నుంచి వెనక్కి పేరు తీయలేం, ఎన్‌క్రిప్షన్‌లో తాళంచెవి ఉంటే వెనక్కి తీయగలం. ఈ తేడా పరీక్షలో తరచూ అడిగే తరహా ప్రశ్న.

పన్నెండో వారం. ఎక్కడ తప్పాను: పోర్టు నంబర్లు. ఎస్‌ఎస్‌హెచ్ 22, డీఎన్‌ఎస్ 53, హెచ్‌టీటీపీ 80, హెచ్‌టీటీపీఎస్ 443, ఆర్‌డీపీ 3389. ఇవి అర్థం చేసుకునేవి కావు, కంఠతా పట్టేవి. ఆమె మిషన్ పక్క గోడకు అంటించింది. ఇప్పుడు వాళ్లమ్మకు కూడా 443 అంటే ఏమిటో తెలుసట.

8. హద్దు దాటొద్దు

సెక్యూరిటీ నేర్చుకునేటప్పుడు చేయి ఊరుకోదు. కాలేజీ వైఫై ఎంత గట్టిదో చూద్దాం, సచివాలయం కంప్యూటర్ పాస్‌వర్డ్ ప్రయత్నిద్దాం అనిపిస్తుంది. వద్దు. అనుమతి లేకుండా వేరొకరి కంప్యూటర్‌లోకి, నెట్‌వర్క్‌లోకి వెళ్లడం ఐటీ చట్టం 2000లోని 43, 66 సెక్షన్ల కింద వస్తుంది. దురుద్దేశంతో చేసినట్టు తేలితే మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. "నేర్చుకోవడానికే చేశాను" అని చెప్పుకుంటూ స్టేషన్ చుట్టూ తిరిగే పరిస్థితి తెచ్చుకోవద్దు. సొంత ఖాతాలో, శిక్షణ కేంద్రం ల్యాబులో, మీ కంప్యూటర్‌లోని వర్చువల్ మెషీన్‌లో ఎంతైనా ప్రయత్నించండి. నోటిమాట అనుమతి సరిపోదు, కాగితం మీద ఉండాలి. ఈ సంగతి పరీక్ష సిలబస్‌లో కూడా ఉంది.

9. మీరు అడిగే ప్రశ్నలు

ఇంట్లో ల్యాప్‌టాప్ లేదు. చదవగలమా?
పాఠాలు ఫోన్‌లో చదవవచ్చు. చేతిపనికి మాత్రం కంప్యూటర్ కావాలి. ల్యాబుకు వెళ్లేముందే చేయాల్సిన పనులు వరుసగా కాగితం మీద రాసుకు వెళ్లండి. అక్కడ దొరికే రెండు గంటలూ పనికే సరిపోతాయి.

ఒక వారం అసలు చదవలేదు. ఏం రాయాలి?
"చదవలేదు" అని రాయండి. కారణం ఒక్క ముక్క రాయండి. ఆ నోటు పుస్తకంలో ఎనిమిదో పేజీ తర్వాత ఒక పేజీ మీద "అమ్మమ్మకు ఆసుపత్రి, చదవలేదు" అని మాత్రమే ఉంది. దానికి వారం నంబరు కూడా వేయలేదు. ఖాళీ వారాన్ని దాచిపెడితే, వచ్చే వారం ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో మీకే తెలియదు.

సర్టిఫికెట్ వస్తే ఉద్యోగం వచ్చినట్టేనా?
కాదు. అలా చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టం. సర్టిఫికెట్ మీ దరఖాస్తును పక్కన పడేయకుండా చూస్తుంది. ఇంటర్వ్యూలో "ఏం చేశారు?" అని అడుగుతారు. అప్పుడు మీ నోటు పుస్తకంలోని రెండో గడి, చేత్తో ఏం చేశాను అన్నదే మీ జవాబు. సర్వర్ ఆపడం మరచిపోయి అలర్ట్ ఎలా చూశారో చెప్పగలిగితే, అది విన్నవారు మీరు పని చేసిన మనిషని గుర్తుపడతారు.

తల్లిదండ్రులుగా మేమేం చేయాలి?
"ఎన్ని మార్కులు?" అని అడగొద్దని చెప్పం, అడుగుతారు. దాంతో పాటు "ఈ వారం ఏం తప్పావు, ఎలా సరిచేసుకున్నావు?" అని కూడా అడగండి. పిల్లలు తప్పు చెప్పగలిగే ఇంట్లో చదువు ముందుకు పోతుంది.

10. మీ మొదటి పేజీ

రెండు వందల పేజీల నోటు పుస్తకం ఒకటి తీసుకోండి. అట్ట మీద వోచర్ గడువు తేదీ రాయండి. ఈ ఆదివారం రాత్రి ఈ నాలుగు గళ్లు గీయండి.

ఏం చదివాను: మూడు వరుసలు మించొద్దు.
చేత్తో ఏం చేశాను: ఏమీ చేయకపోతే "లేదు" అని రాయండి.
ఎక్కడ తప్పాను: ప్రతి తప్పు పక్కన తెలియక, తికమక, తొందర అని రాయండి.
వచ్చే వారం: ఒకటి రెండు పనులే. మూడో గడిలో ఎక్కువ తప్పులున్న విభాగం ముందు రావాలి.

ఇరవై నిమిషాల పని. శిక్షణ కేంద్రం వారి రిపోర్టు ఫారం మామూలుగానే నింపి ఇవ్వండి. ఈ పుస్తకం మాత్రం మీ కోసం. ఎవరికీ చూపించాల్సిన పని లేదు కాబట్టి ఇందులో నిజమే రాయొచ్చు.

నేను జర్నలిజం చదివినవాణ్ణి. ఈ పాఠం రాయడానికి కూర్చున్నప్పుడు సెక్యూరిటీ గ్రూప్‌కు, నెట్‌వర్క్ ఏసీఎల్‌కు తేడా నాకూ తెలియదు. ఆ అమ్మాయి పుస్తకంలోని పేజీ చూసి నేర్చుకున్నాను. ఇది రాసే నాటికి ఆమె పద్నాలుగో వారంలో ఉంది. సెక్యూరిటీ ప్లస్ తేదీ తీసుకుంది, ఇంకా రాయలేదు. పోయిన ఆదివారం పేజీలో తొమ్మిది తప్పులున్నాయి. వాటిలో తొందరపడి చేసింది ఒక్కటే.

ఈ పీడీఎఫ్‌ను మీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పెట్టండి. నోటు పుస్తకం మాత్రం ఎవరిది వారే రాసుకోవాలి. అందరికీ శుభం.